ఒకే గుర్రం, రెండు పరీక్షలు
రోగం బయటపడితే చట్టం కదులుతుంది. మందు బయటపడితే క్లబ్బే తీర్పు చెబుతుంది

సూరత్: గుజరాత్‌లోని ఈ వజ్రాల, వస్త్రాల నగరంలో రేస్‌కోర్సు లేదు. ఇక్కడి గుర్రాలు పెళ్లి ఊరేగింపుల్లో వరుణ్ణి మోస్తాయి, బండ్లు లాగుతాయి. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ గుర్రాలు వీధుల్లో నిత్యం కనిపించేవే. గుర్రానికి జరిపే పరీక్ష వెనుక ప్రభుత్వాధికారం నిలబడితే పరిణామాలు ఎలా ఉంటాయో 2023 జనవరిలో నగరవాసులు చూశారు. లాల్ దర్వాజా ప్రాంతంలోని గుర్రాలకు గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటువ్యాధి సోకినట్లు రక్తపరీక్షల్లో తేలింది. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రాలను అధికారులు ఇంజెక్షన్లు ఇచ్చి చంపవలసి వచ్చింది. వాటిపై ఆధారపడి బతుకుతున్న యజమానులు చూస్తూ ఉండిపోయారు.

ఇదే గుర్రం హైదరాబాద్ మలక్‌పేటలోనో, బెంగళూరులోనో పందెంలో పరుగెత్తేదైతే దానికి ఇంకో పరీక్ష కూడా జరిగేది. అది రోగానికి సంబంధించినది కాదు, మందుకు సంబంధించినది. గుర్రం ఒంట్లో నిషిద్ధ ఔషధం ఏదైనా ఉన్నదా అని తేల్చే డోప్ పరీక్ష అది. ఆ పరీక్ష ఫలితంపై కోట్ల రూపాయల పందేల నిజాయితీ ఆధారపడి ఉంటుంది. అయితే పెళ్లి గుర్రం రక్తపరీక్షకు పార్లమెంటు చేసిన చట్టం వెన్నుదన్నుగా ఉండగా, పందెం గుర్రం డోప్ పరీక్ష ప్రధానంగా రేస్ క్లబ్బుల సొంత నిబంధనల మీదనే నడుస్తుండడం గమనార్హం.

1899 నాటి భయం

గ్లాండర్స్ మన దేశానికి కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1899లోనే ఈ వ్యాధి నివారణకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. సైన్యమూ, రవాణా గుర్రాల మీదనే ఆధారపడిన రోజులవి. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుపక్షాల గుర్రాలను మట్టుపెట్టడానికి జర్మనీ గూఢచారులు ఈ వ్యాధి క్రిములనే ప్రయోగించిన ఉదంతం చరిత్రకెక్కింది. బర్క్‌హోల్డేరియా మాలియై అనే ఈ బాక్టీరియా గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదల నుంచి మనుషులకు కూడా సోకే అవకాశం ఉంది. దీనికి టీకా లేదు. అందువల్లనే వ్యాధి నిర్ధారణ అయిన జంతువుకు చికిత్స చేయడం కాక, దానిని చంపి లోతుగా పూడ్చిపెట్టడమే మార్గంగా నిర్ణయించారు.

1899 నాటి చట్టాన్ని రద్దు చేసి దాని స్థానంలో జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2009లో ఆమోదించింది. వ్యాధి అనుమానం కలిగిన వెంటనే తెలియజేయడం యజమాని విధి. వ్యాధిగ్రస్త ప్రాంతంగా ప్రకటించిన చోటి నుంచి జంతువులను తరలించరాదు. నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు. ముందు ఎలీసా పరీక్ష, దానిలో వ్యాధి సూచన కనిపిస్తే మరో నిర్ధారణ పరీక్ష జరుపుతారు. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం చంపిన గుర్రానికి యజమానికిచ్చే పరిహారం 25 వేల రూపాయలు. ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి అన్నం పెట్టే గుర్రానికి ఈ మొత్తం ఏ మూలకూ చాలదనడంలో సందేహం లేదు. అయినా ఎవరు పరీక్షించాలో, ఎవరు నిర్ణయించాలో, ఎవరు చెల్లించాలో చట్టంలోనూ, ప్రణాళికలోనూ స్పష్టంగా ఉంది.

ఈ నిబంధనలు పందెం గుర్రాలకు కూడా వర్తిస్తాయి. 2025లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సమీపానికి తరలించిన 57 గుర్రాలలో పలు గుర్రాలు మరణించినప్పుడు గ్లాండర్స్ అనుమానంతో నమూనాలను హిసార్‌కు పంపించారు. వ్యవహారం ఆ రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్లింది. రోగం విషయంలో పందెం గుర్రానికి, బండి గుర్రానికి మధ్య చట్టం తేడా చూపదు. తేడా అంతా మందు దగ్గరే మొదలవుతుంది.

పుట్టుక నుంచే అర్హత

పందెంలో పాల్గొనడానికి గుర్రానికి ఉండవలసిన అర్హతలు చిన్నవి కావు. థరోబ్రెడ్ జాతి గుర్రమై ఉండాలి. దాని తల్లిదండ్రుల వంశావళి పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా రికార్డుల్లో నమోదై ఉండాలి. కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన పిల్ల ఈ పుస్తకంలోకి ఎక్కదు. గుర్రం ఏ నెలలో పుట్టినా జనవరి 1న దానికి ఒక ఏడు నిండినట్లుగా లెక్కిస్తారు. పరుగెత్తడానికి కనీసం రెండేళ్ల వయస్సు ఉండాలి. పాస్‌పోర్టు, టీకాల వివరాలు సక్రమంగా ఉండాలి. ఇవన్నీ సరిపోయినా పందెం నాటికి దాని ఒంట్లో నిషిద్ధ పదార్థం ఉండరాదన్నది ఆఖరి అర్హత. మిగిలిన వాటిని కాగితాల్లో చూడవచ్చు. ఈ ఒక్క దానిని మాత్రం నెత్తురులో, మూత్రంలో వెదకాలి.

పందెం ముగిసిన వెంటనే గెలిచిన గుర్రాన్ని, స్టివార్డులు ఎంపిక చేసిన మరికొన్నింటిని నమూనాలు తీసే గదికి తీసుకువెళ్తారు. గుర్రం మూత్రం పోసేదాకా వేచి ఉండడమే అక్కడి సిబ్బందికి పెద్ద పని. సయీసు మెల్లగా ఈల వేస్తూ దానిని ప్రోత్సహించడం అనాదిగా వస్తున్న ఆచారం. మూత్రం రాకపోతే రక్తం తీస్తారు. నమూనాను రెండు భాగాలు చేసి రెండు సీసాల్లో సీలు వేస్తారు. సీసాపై అంకె మాత్రమే ఉంటుంది, గుర్రం పేరు ఉండదు. ట్రైనర్ తరఫు మనిషి సంతకం చేస్తాడు. మొదటి సీసాలో దోషం తేలితే రెండవ సీసాను మరో ప్రయోగశాలలో పరీక్ష చేయించుకొనే హక్కు ట్రైనర్‌కు ఉంటుంది.

ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఆవరణలో ఉన్న జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాల క్రీడాకారుల నమూనాలతో పాటు గుర్రాల నమూనాలను కూడా పరీక్షిస్తుంది. ఇది కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ పరిధిలోని సంస్థ. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2019 ఆగస్టులో దీని గుర్తింపును నిలిపివేసి 2021 డిసెంబరులో పునరుద్ధరించిన సంగతి విదితమే. ఆ నిర్ణయం మనుషుల నమూనాలకు సంబంధించినది. కాగా, ప్రయోగశాల ప్రభుత్వానిదైనప్పటికీ అక్కడ తేలిన ఫలితంపై చర్య తీసుకోవడం మాత్రం క్లబ్బు పనే.

వంటసోడా కూడా నేరమే

నిషిద్ధ పదార్థాలనగానే ఉత్తేజం కలిగించే మందులే గుర్తుకు రావడం సహజం. కాని గుర్రాన్ని నెమ్మదింపజేసే మత్తు మందులూ అంతే ప్రమాదకరం. అందరూ గెలుస్తుందనుకున్న గుర్రం ఓడిపోతే లాభపడేవారు కూడా పందేల్లో ఉంటారు. నొప్పి తెలియకుండా చేసే మందుల సంగతి మరీ దారుణం. కాలి ఎముకలో పగులు ఉన్న గుర్రానికి నొప్పి తెలియకపోతే అది పూర్తి వేగంతో పరుగెత్తుతుంది. ఎముక విరిగి పడిపోతే గుర్రానికే కాదు, దానిపై ఉన్న జాకీకి, వెనుక వస్తున్న జాకీలకు కూడా ప్రాణాపాయమే.

అంతర్జాతీయ గుర్రప్పందేల సంస్థల సమాఖ్య రూపొందించిన ఒప్పందంలోని ఆరవ అధికరణం ఈ విషయంలో ప్రపంచానికంతటికీ ప్రమాణంగా ఉంది. చాలా మందులు ఏ మేరకు కనిపించినా దోషమే. ఆహారంలోనో, ఒంట్లోనో సహజంగా ఉండే కొన్ని పదార్థాలకు మాత్రం పరిమితులు విధించారు. కోకో గింజల పొట్టు కలిసిన దాణా ద్వారా చేరే థియోబ్రోమిన్ మిల్లీలీటరు మూత్రంలో రెండు మైక్రోగ్రాములు దాటరాదు. రక్తంలోని ప్లాస్మాలో మొత్తం కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 36 మిల్లీమోల్స్ దాటరాదు. ఈ రెండో పరిమితి వెనుక మన వంటింటి వస్తువు ఉంది. పందేనికి ముందు గుర్రం ముక్కు గుండా గొట్టం వేసి వంటసోడా కలిపిన నీరు కడుపులోకి పంపిస్తే కండరాలలో పేరుకొనే ఆమ్లం ప్రభావం తగ్గి అలసట ఆలస్యంగా వస్తుందన్న నమ్మకంతో కొందరు ట్రైనర్లు ఆ పని చేసేవారు. దానిని అరికట్టడానికే ఈ లెక్క పెట్టారు.

ఈ నిబంధనల్లో అత్యంత కఠినమైన అంశం బాధ్యతకు సంబంధించినది. మందు ఎలా చేరిందో, ఎవరు ఇచ్చారో రుజువు కాకపోయినా గుర్రం అనర్హమవుతుంది. 2014లో బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్‌కు చెందిన ఎస్టిమేట్ అనే గుర్రం ఆస్కాట్ గోల్డ్ కప్ పందెంలో రెండవ స్థానంలో వచ్చింది. పరీక్షలో మార్ఫిన్ జాడ కనిపించింది. దాణాలో గసగసాల మొక్క అవశేషాలు కలవడమే కారణమని తేలింది. దురుద్దేశం లేకపోయినా, యజమాని సాక్షాత్తూ దేశపు రాణి అయినా ఆ గుర్రాన్ని అనర్హంగా ప్రకటించక తప్పలేదు. ఉద్దేశం చూడడం మొదలుపెడితే ప్రతి ట్రైనరూ తనకేమీ తెలియదనే అంటాడన్నది ఈ నిబంధన వెనుక ఉన్న తర్కం.

నైపుణ్యమా, జూదమా?

మన దేశంలో గుర్రప్పందేల చట్టబద్ధతను 1996 జనవరి 12న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ధ్రువీకరించింది. మద్రాసు రేస్ క్లబ్బును తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి 1986లో చేసిన చట్టాన్ని సవాలు చేసిన లక్ష్మణన్ కేసులో, గుర్రప్పందెం అదృష్టంపై కాక ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన ఆట అని న్యాయస్థానం స్పష్టం చేసింది. గుర్రం వంశం, శిక్షణ, గత పందేల్లో దాని ప్రతిభ, జాకీ సామర్థ్యం వంటి వాటిని అంచనా వేసి పందెం కాసేవారు గెలుస్తారన్నది ఆ తీర్పు సారాంశం.

ఇక్కడే డోప్ పరీక్ష ప్రాముఖ్యం బోధపడుతుంది. గుర్రానికి రహస్యంగా మందు ఇస్తే వంశమూ, శిక్షణా, గత చరిత్రా ఏవీ లెక్కకు రావు. రేసు పుస్తకం ముందేసుకుని గంటల తరబడి లెక్కలు కట్టిన మనిషి నైపుణ్యం వృథా అవుతుంది. గుర్రం కల్తీ లేనిదై ఉంటేనే అది నైపుణ్యపు ఆట. కల్తీ ఉంటే ఆ సంగతి తెలిసిన నలుగురికి దోపిడీ, తెలియని వేలమందికి జూదం. సుప్రీంకోర్టు తీర్పు నిలబడిన పునాదిని కాపాడుతున్నది నిజానికి ఆ రెండు సీసాలే.

పందెం కాసినవాడికి మరో నష్టం కూడా ఉంది. పరీక్ష ఫలితం వచ్చేసరికి రోజులు, వారాలు గడుస్తాయి. అప్పటికి పందెం సొమ్ము పంపిణీ జరిగిపోతుంది. గుర్రం తర్వాత అనర్హమైతే యజమానికి వచ్చిన బహుమతి సొమ్మును వెనక్కి తీసుకుని రెండవ స్థానంలోని గుర్రం యజమానికి ఇస్తారు. కాని ఆ రెండవ గుర్రంపై పందెం కాసినవాడికి మాత్రం ఏమీ రాదు. 2021 మే 1న అమెరికాలో జరిగిన కెంటకీ డర్బీలో మెడీనా స్పిరిట్ గెలిచింది. దాని రక్తంలో మిల్లీలీటరుకు 21 పికోగ్రాముల బీటామెథసోన్ కనిపించింది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. తొమ్మిది నెలల తర్వాత, 2022 ఫిబ్రవరిలో విజయాన్ని మాండలూన్‌కు బదలాయించారు. మాండలూన్ గెలుస్తుందని పందెం కాసిన వారికి మాత్రం ఒక్క డాలరు కూడా దక్కలేదు. ఓడిన టికెట్టు చించి పారేసిన మనిషికి తర్వాత న్యాయం చేసే మార్గం ఏ దేశపు పందేల్లోనూ సులభం కాదు. అందుచేత పందెం కాసేవాడికి ఉన్న ఏకైక రక్షణ మందు వాడడానికి ట్రైనర్ భయపడేటట్లు చేయడమే.

పన్ను ప్రభుత్వానిది, పరీక్ష క్లబ్బుది

ఇక ఈ వ్యవహారంలో ప్రభుత్వ వాటా తక్కువేమీ కాదు. 2017లో వస్తు, సేవల పన్ను వచ్చినప్పుడు గుర్రప్పందేలపై 28 శాతం విధించారు. పన్నును క్లబ్బు కమీషన్‌పై లెక్కించాలా, పందెం పూర్తి మొత్తంపై లెక్కించాలా అన్న వివాదం కోర్టులకెక్కింది. పూర్తి ముఖవిలువ మీదనే లెక్కించేటట్లు చట్ట సవరణలు 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 40 శాతానికి పెరిగింది. ఏ గుర్రం గెలిచినా, ఏ గుర్రం ఓడినా ఖజానాకు చేరవలసినది చేరుతూనే ఉంటుంది.

ఇంత పన్ను తీసుకుంటున్న ప్రభుత్వం పందెం నిజాయితీకి ఏమి చేస్తున్నదన్న ప్రశ్న తలెత్తడం సహజం. చట్టమే లేదని చెప్పడానికి వీల్లేదు. జంతు హింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనలు మత్తు మందులు, స్టెరాయిడ్లు, కృత్రిమంగా శక్తి పెంచే పదార్థాలను ఇవ్వరాదని శాసిస్తున్నాయి. అయితే 1960 నాటి ఆ చట్టంలో ప్రదర్శన జంతువుల నిబంధనలను ఉల్లంఘించిన వారికి నిర్దేశించిన జరిమానా 500 రూపాయలకు మించదు. మూడు నెలల దాకా జైలు శిక్షకు కూడా అవకాశం ఉన్నది. ఆ నిబంధనలు హింస నుంచి జంతువును కాపాడడానికి ఉద్దేశించినవి. ఏ ప్రయోగశాలలో పరీక్షించాలి, ఎంత పరిమితి ఉండాలి, ఫలితాన్ని ఎన్ని రోజుల్లో వెల్లడించాలి వంటి విషయాల జోలికి అవి పోవు.

ఆ పని అంతా క్లబ్బులే చేసుకుంటున్నాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు తరలివచ్చిన హైదరాబాద్ పందేలు మొదలు, ముంబయి, పుణె, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, మైసూరు పందేల దాకా అన్ని చోట్లా నిర్వహణ క్లబ్బులదే. టర్ఫ్ అథారిటీస్ ఆఫ్ ఇండియా పేరిట క్లబ్బులకు ఉమ్మడి వేదిక ఉన్నప్పటికీ అది క్లబ్బులన్నీ కలిసి ఏర్పాటు చేసుకున్నదే. పందేలు నడిపేదీ, టోట్‌పై పందేలు స్వీకరించేదీ, బుకీలకు, ట్రైనర్లకు, జాకీలకు అనుమతులిచ్చేదీ, నమూనాలు తీసేదీ, దోషం తేలితే విచారించి తీర్పు చెప్పేదీ క్లబ్బే. వీటిలో పలు క్లబ్బులకు సుదీర్ఘ చరిత్ర, కఠినమైన క్రమశిక్షణ ఉన్న మాట నిజమే. గెలిచిన గుర్రం దోషి అని ప్రకటిస్తే చెడ్డపేరు వచ్చేది మాత్రం అదే క్లబ్బుకు.

ఈ ఇబ్బంది 2017లో బెంగళూరులో బట్టబయలైంది. క్వీన్ లతీఫా అనే గుర్రం నమూనాలో ప్రొకేన్ ఉన్నట్లు తేలింది. ప్రొకేన్ స్థానికంగా స్పర్శ తెలియకుండా చేసే మందు. అంటుగాయాలకు వాడే ఒక రకం పెన్సిలిన్ ఇంజెక్షన్‌లో కూడా అది కలిసి ఉంటుంది. కనుక చికిత్స ద్వారా చేరినదా, కాలి నొప్పి దాచడానికి ఇచ్చినదా అన్నది ఎప్పుడూ వాదోపవాదాలకు తావిచ్చే విషయం. విచారణ క్లబ్బు గోడల మధ్య ముగియక ఈ ఉదంతం పోలీసు దర్యాప్తు దాకా వెళ్లింది. క్లబ్బు నిబంధనల ప్రకారం తేలవలసిన విషయం పోలీసు స్టేషనుకు ఎక్కిందంటే ఈ రెండింటి నడుమ ఉండవలసిన స్వతంత్ర వ్యవస్థ లేదన్నమాట.

ఇతర దేశాల దారి

పందేల నియంత్రణ ప్రభుత్వమే చేపట్టాలన్న నియమమేమీ లేదు. బ్రిటన్‌లో ఈ పని చూసే బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ప్రభుత్వ శాఖ కాదు. కాని అది దేశమంతటికీ ఒకటే. అది పందేలు స్వీకరించదు, రేస్‌కోర్సుల యజమాని కూడా కాదు. 2013లో దుబాయ్ పాలకుడికి చెందిన గొడాల్ఫిన్ అశ్వశాలలో పందెం రోజున కాక మామూలు రోజున నమూనాలు తీసి, స్టెరాయిడ్ల వాడకాన్ని అది పట్టుకుంది. ట్రైనర్ మహమూద్ అల్ జరూనీపై ఎనిమిదేళ్ల నిషేధం విధించింది. అంతటి పలుకుబడి గల అశ్వశాలపై చర్య తీసుకోవడానికి వెనుకాడకపోవడానికి కారణం పందేల రాబడితో ఆ సంస్థకు నేరుగా లంకె లేకపోవడమే.

అమెరికాలో పరిస్థితి మొన్నమొన్నటి దాకా మన దేశం మాదిరిగానే ఉండేది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన, ఒక్కో ప్రయోగశాల. 2020 మార్చిలో కేంద్ర దర్యాప్తు అధికారులు పలువురు ట్రైనర్లు, పశువైద్యులపై నేరారోపణలు చేయడంతో కలకలం రేగింది. వారిలో జార్జ్ నవారోకు 2021లో ఐదేళ్లు, జేసన్ సర్విస్‌కు 2023లో నాలుగేళ్లు జైలు శిక్ష పడింది. 2020 డిసెంబరులో ఆ దేశ కాంగ్రెస్ గుర్రప్పందేల నిజాయితీ, భద్రత చట్టాన్ని ఆమోదించింది. దాని కింద ఏర్పడిన జాతీయ సంస్థ 2023 మే 22 నుంచి ఔషధ పరీక్షల బాధ్యత చేపట్టింది. రాష్ట్రాల హక్కుల పేరిట కోర్టుల్లో వివాదాలు నడిచినా ఒకే దేశానికి ఒకే నిబంధన ఉండాలన్న సూత్రం అక్కడ చట్టమైంది.

మీరట్ చూపిన మార్గం

ప్రభుత్వం పూనుకుంటే ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే దృష్టాంతం ఉంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత అశ్వారోహకులు డ్రెసాజ్ జట్టు విభాగంలో స్వర్ణం గెలిచారు. కాని వారు స్వారీ చేసిన గుర్రాలు ఐరోపాలో ఉంచి పెంచినవి. గ్లాండర్స్ వంటి వ్యాధుల భయంతో మన దేశపు గుర్రాలను ఇతర దేశాలు నేరుగా అనుమతించకపోవడమే ఇందుకు కారణం. ఈ లోటు తీర్చడానికి మీరట్ కంటోన్మెంటులోని సైనిక పశువైద్య కేంద్రంలో వ్యాధిరహిత విభాగాన్ని ఏర్పాటు చేయగా, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2025 జులైలో దానికి గుర్తింపు ఇచ్చింది. పరీక్ష ఎవరు చేశారు, దాని వెనుక ఏ చట్టం ఉన్నదన్న ప్రశ్నలకు స్పష్టమైన జవాబు ఉన్నందువల్లనే ప్రపంచం ఆ ఫలితాన్ని నమ్మింది.

డోప్ పరీక్షకు ఇదే స్పష్టత కావాలి. క్లబ్బులను స్వాధీనం చేసుకోనక్కరలేదు. ఆ ప్రయత్నాన్ని సుప్రీంకోర్టు 1996లోనే కొట్టివేసింది. నమూనాలు తీయడం, ఫలితాలను గడువులోగా వెల్లడించడం, విచారణ జరపడం, ఈ మూడింటిని పందేల రాబడితో సంబంధం లేని ఒకే జాతీయ సంస్థకు అప్పగిస్తే చాలు. ప్రయోగశాల ప్రభుత్వానిదే ఉంది. ప్రమాణాలు అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి. ఖర్చుకు 40 శాతం పన్ను రాబడిలో అతి స్వల్ప భాగం సరిపోతుంది.

సూరత్‌లో గుర్రం కోల్పోయిన యజమానికి న్యాయమైన పరిహారం అందిందా అన్నది చర్చించవలసిన విషయమే. కాని తన గుర్రానికి ఏ పరీక్ష జరిగిందో, దానిని ఎవరు ఏ చట్టం కింద చంపారో అతను ప్రభుత్వాన్ని నిలదీసి అడగగలడు. మలక్‌పేటలో టికెట్టు కొని, అందులో పన్ను కూడా చెల్లించిన సామాన్యుడు తాను పందెం కాసిన గుర్రం ఒంట్లో ఏముందని అడగాలంటే వెళ్లవలసింది ఆ టికెట్టు అమ్మిన క్లబ్బు వద్దకే.